మెట్లు, శిఖరం, మరమ్మతు: తెలుగు వ్యక్తిత్వ వికాస గ్రంథాలు - జీవితకాల వికాసం

వ్యాససంగ్రహం:

గత మూడు దశాబ్దాలుగా తెలుగు పుస్తక విపణిలో వ్యక్తిత్వ వికాస గ్రంథాలకు స్థిరమైన చోటు ఉంది. పాఠకాదరణ ఎంత ఉన్నా, సాహిత్య విమర్శ మాత్రం వీటిని పెద్దగా పట్టించుకోలేదు. ఈ గ్రంథాలు మనిషి జీవితకాల వికాసానికి ఎంతవరకు తోడ్పడతాయన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇందుకు విజయవాడ ఆటోనగర్ శ్రమజీవితాన్ని ఒక గీటురాయిగా స్వీకరిస్తుంది. స్వయంసహాయ గ్రంథ సంప్రదాయపు మూలాలు, తెలుగు నీతిశతకాలు, నీతికథలు, ఆత్మకథలతో పోలుస్తూ ఆధునిక ప్రేరణ గ్రంథాల్లోని రూపకాలను, కథనపద్ధతిని విశ్లేషిస్తుంది. విజయాన్ని ఒకసారి ఎక్కి చేరే శిఖరంగా చూపే గ్రంథం యౌవనంతోనే పాతబడుతుందని, అభ్యాసాన్ని, సహకారాన్ని, పునరారంభాన్ని చెప్పగల గ్రంథమే జీవితమంతా తోడుంటుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వ్యక్తిత్వ వికాసం, ప్రేరణ సాహిత్యం, ఆటోనగర్, నీతిశతకం, స్వయంసహాయం, జీవితకాల అభ్యాసం, ఆత్మకథ.

1. ఉపోద్ఘాతం:

విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవంలో వ్యక్తిత్వ వికాస గ్రంథాలు తప్పనిసరిగా కనిపిస్తాయి. వాటి ముందు ఆగే పాఠకుల్లో విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, పోటీ పరీక్షల అభ్యర్థులు, చిన్న వ్యాపారులు ఉంటారు. కథాసంపుటి గాని, కవితాసంపుటి గాని ఎన్నడూ కొననివారు కూడా ఈ పుస్తకాలు కొంటారు. ఇంతమంది చదివే ప్రక్రియను విమర్శ రెండు విధాలుగా దాటవేసింది. ఒకటి, ఇది సాహిత్యం కాదని పక్కన పెట్టడం. రెండు, ఇది మార్కెట్ భావజాలమని ఒక్క మాటలో తేల్చేయడం. మొదటిది పాఠకుణ్ణి చిన్నచూపు చూస్తుంది. రెండవది గ్రంథాన్ని చదవకుండానే తీర్పు చెబుతుంది. ఈ పుస్తకాలు ఏ పాఠకుణ్ణి ఊహించుకుంటాయి, ఆ పాఠకుడు పెరిగి పెద్దవాడైనప్పుడు అతనికి ఏమి మిగులుతుంది అన్న ప్రశ్నలను ఆ రెండు ధోరణులూ వేయలేదు.

"జీవితకాల వికాసం" అన్న మాటను ఈ గ్రంథాల పరిచయ వాక్యాల్లో తరచు వాడతారు. ఆ మాటను అక్షరార్థంలోనే తీసుకుంటే ఒక ప్రమాణం దొరుకుతుంది. ఇరవై ఏళ్ల వయసులో ఉత్సాహపరచిన పుస్తకం నలభై ఐదేళ్ల వయసులోనూ ఏదైనా చెప్పగలగాలి. ఈ ప్రమాణంతో పరిశీలించడానికి తరగతి గది కంటే ఆటోనగర్ వంటి శ్రమక్షేత్రమే ఎక్కువ అనువైనది.

2. గీటురాయిగా ఆటోనగర్:

విజయవాడ నగరానికి తూర్పువైపు, బందరు రోడ్డును ఆనుకొని విస్తరించిన ఆటోనగర్ లారీలకు, బస్సులకు బాడీ కట్టే పనికి, ఇంజిన్ మరమ్మతులకు, విడిభాగాల వ్యాపారానికి పేరొందింది. కలకత్తా - మద్రాసు రహదారి, హైదరాబాద్ - మచిలీపట్నం రహదారి నగరంలో కలుసుకోవడం, కృష్ణా డెల్టా ధాన్యం లారీల మీద నలుదిక్కులా తరలిపోవడం ఈ పనులకు ఇక్కడ ఆధారమయ్యాయి. లేత్ పని, వెల్డింగ్, టింకరింగ్, పెయింటింగ్, క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్, స్ప్రింగ్ పట్టీల పని, టైర్ల రీట్రేడింగ్ వంటివి వేర్వేరు షెడ్లలో, వేర్వేరు చేతుల్లో సాగుతాయి. ఒక బండి బాగుపడి రోడ్డెక్కాలంటే ఇన్ని చేతులు మారాలి.

ఇక్కడ విద్య ప్రధానంగా పుస్తకం ద్వారా రాదు. హెల్పరుగా చేరినవాడు ముందు విడిభాగాలు కడుగుతాడు, అడిగిన పానా అందిస్తాడు, మేస్త్రి చేయి కదిలే తీరు చూస్తాడు. ఇంజిన్ శబ్దం విని లోపం చెప్పగలిగే చెవి ఏళ్ల తరబడి తయారవుతుంది. ఈ క్రమం పాత గురుశిష్య పద్ధతికి దగ్గరది. ఇందులో పట్టుదల ఉంది, క్రమశిక్షణ ఉంది, వైఫల్యం నుంచి నేర్చుకోవడం ఉంది. వ్యక్తిత్వ వికాస గ్రంథాలు బోధించే గుణాలన్నీ ఇక్కడ నిత్యాచరణలో ఉన్నాయి. అయినా ఆ గ్రంథాలు ఊహించుకునే పాఠకుల్లో ఈ మెకానిక్ అరుదుగా కనిపిస్తాడు.

వికాసమన్నది ఈ వృత్తిలో ఇప్పుడు బతుకుదెరువు ప్రశ్నగా మారింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. కొత్త డీజిల్ ఇంజిన్లలో ఇంధన సరఫరాను, పొగశుద్ధిని సెన్సర్లు, ఎలక్ట్రానిక్ నియంత్రణ వ్యవస్థలు నడుపుతాయి. వీటిలో అనేక లోపాలను చెవితో కాక స్కానర్‌తో గుర్తించాలి. విద్యుత్ వాహనంలోనైతే పిస్టను, రింగులు, క్రాంక్ షాఫ్టు అన్నవే ఉండవు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రి ఒక విషయంలో మళ్లీ హెల్పరు కావలసి వస్తుంది. జీవితకాల వికాసం గురించి మాట్లాడే గ్రంథం ఈ మనిషికి ఏమి చెబుతుందన్నదే దాని విలువకు గట్టి పరీక్ష.

3. స్వయంసహాయ గ్రంథపు మూలం:

ఈ పరీక్ష బయటినుంచి తెచ్చి పెట్టినదేమీ కాదు. ఆధునిక స్వయంసహాయ గ్రంథ సంప్రదాయం కార్మికుల మధ్యనే పుట్టింది. స్కాట్లండుకు చెందిన సామ్యూల్ స్మైల్స్ 1859లో ప్రచురించిన "సెల్ఫ్ హెల్ప్" ఈ ప్రక్రియకు పేరు పెట్టిన గ్రంథం. దానికి బీజం అంతకు ముందు ఇంగ్లండులోని పారిశ్రామిక నగరం లీడ్స్‌లో పడింది. అక్కడ కొందరు యువకార్మికులు పని ముగిశాక రాత్రివేళ ఒకచోట చేరి, తమకు తెలిసినదాన్ని ఒకరికొకరు నేర్పుకొనేవారు. అంతకుముందు కలరా రోగులకు తాత్కాలిక ఆసుపత్రిగా వాడిన గదిని అద్దెకు తీసుకొని తమ బడి నడుపుకున్నారు. వారి ఆహ్వానంపై స్మైల్స్ చేసిన ప్రసంగాలే తర్వాత గ్రంథరూపం ధరించాయి. రైలు ఇంజిన్ నిర్మాత జార్జ్ స్టీఫెన్సన్ జీవితచరిత్రను స్మైల్స్ అప్పటికే 1857లో వెలువరించాడు.

దీనినిబట్టి స్వయంసహాయమన్న భావన పరస్పర సహాయం నుంచి పుట్టిందని స్పష్టమవుతుంది. గ్రంథం పేరు స్వార్థానికి ప్రశంసగా అపార్థమవుతోందని స్మైల్స్ తర్వాతి కూర్పు ముందుమాటలో విచారించాడు. కాలక్రమంలో ఆ అపార్థమే ప్రక్రియ స్వభావంగా స్థిరపడింది. డేల్ కార్నెగీ 1936లోను, నెపోలియన్ హిల్ 1937లోను ఆర్థికమాంద్యపు అమెరికాలో వెలువరించిన గ్రంథాలు అమ్మకం, పలుకుబడి, సంపద అన్న లక్ష్యాలను ముందుకు తెచ్చాయి. సంప్రదాయానికి కేంద్రమైన రాత్రిబడి కార్మికుడి స్థానంలోకి ఒంటరి పోటీదారుడు వచ్చాడు.

స్మైల్స్ గ్రంథం మరో దిశలోనూ ప్రయాణించింది. నకమురా మసనావో 1871లో చేసిన జపనీస్ అనువాదాన్ని మెయిజీ కాలపు పాఠకులు విస్తారంగా చదివారు. మగ్గాల ఆవిష్కర్త సకిచి టొయోడా మీద ఆ గ్రంథం ప్రభావం ఉందని చెబుతారు. ఆయన కుటుంబం నుంచే టొయోటా మోటారు సంస్థ వచ్చింది. యంత్రం దగ్గర నిలబడిన మనిషి చిన్న చిన్న మార్పులతో పనిని నిరంతరం మెరుగుపరచడమన్న పద్ధతి ఆ సంస్థకు గుర్తింపుగా నిలిచింది. ఒకే గ్రంథం ఒకచోట పోటీగాను, మరోచోట పనితనంగాను అర్థమైందంటే, గ్రంథం విలువను దాన్ని స్వీకరించే సమాజం కూడా నిర్ణయిస్తుందని భావించవచ్చు.

4. తెలుగులో ప్రేరణ సాహిత్య పరిణామం:

తెలుగులో మనిషిని తీర్చిదిద్దే సాహిత్యానికి పెద్ద పరంపర ఉంది. వేమన, సుమతి శతకాలు వీధిబడి పాఠ్యాలుగా తరతరాలకు అందాయి. పరవస్తు చిన్నయసూరి "నీతిచంద్రిక" 1853లో వచ్చింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి తొలి ప్రచురణగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన "అబ్రహాం లింకను చరిత్ర"ను ఎంచుకోవడం గమనార్హం. పేదరికం నుంచి స్వయంకృషితో ఎదిగిన మనిషి కథ తెలుగువారికి అవసరమని ఆ మండలి భావించింది. అయితే ఆ ఎదుగుదల దాస్యవిముక్తి అన్న ప్రజాకార్యంలో పర్యవసించింది. వ్యక్తి వికాసం, సమాజ వికాసం అక్కడ వేరుపడలేదు.

గ్రంథాలయోద్యమం ఈ దృష్టినే ఆచరణలో పెట్టింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ విజయవాడలో జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువలో పడవ గ్రంథాలయం నడిపించారు. బడికి వెళ్లలేని వయోజనుడి దగ్గరికి, అతడు పనిచేసే చోటికే పుస్తకం వెళ్లాలన్నది ఆ ప్రయత్నంలోని ఆలోచన. జీవితకాల అభ్యాసమన్న పదబంధం వాడుకలోకి రాకముందే డెల్టా దాన్ని అమలుచేసింది.

1990ల తర్వాత ఈ పరంపర స్వరూపం మారింది. ఆర్థిక సంస్కరణలు, ఇంజినీరింగ్ విద్య విస్తరణ, కార్పొరేట్ కళాశాలలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు కొత్త ఆకాంక్షలను, కొత్త ఆందోళనలను తెచ్చాయి. అదే కాలంలో టెలివిజన్ రాకతో వారపత్రికల సీరియల్ నవలకు ఆదరణ తగ్గింది. "తులసిదళం" వంటి నవలలతో లక్షల పాఠకులను సంపాదించుకున్న యండమూరి వీరేంద్రనాథ్ "విజయానికి ఐదు మెట్లు"తో వ్యక్తిత్వ వికాస రచనకు విశేష ప్రాచుర్యం తెచ్చారు. ఇంద్రజాలికుడిగా, హిప్నాటిస్టుగా ప్రసిద్ధుడైన బి.వి. పట్టాభిరామ్ వేదిక మీది శిక్షణను పుస్తకంగా మలిచారు. ఈ ప్రక్రియ జనప్రియ నవల నుంచి ఉత్కంఠను, వేదిక నుంచి సంభాషణాశైలిని తీసుకుంది. చిన్న అధ్యాయాలు, ఉపకథలు, పాఠకుణ్ణి నేరుగా పలకరించే ధోరణి అందువల్లనే ఏర్పడ్డాయి. పాఠకుణ్ణి పుస్తకం దగ్గర కూర్చోబెట్టడంలో ఈ శైలి సాధించిన విజయాన్ని విమర్శకులు కాదనలేరు.

5. మెట్టు, శిఖరం - రూపకాల పరిశీలన:

ప్రక్రియ ప్రపంచదృష్టిని దాని శీర్షికలే తెలుపుతాయి. "విజయానికి ఐదు మెట్లు", "విజయానికి ఆరో మెట్టు", "లోయ నుంచి శిఖరానికి", "విజయం వైపు పయనం" అన్న పేర్లలో జీవితం ఎక్కుడుగా, విజయం ఎత్తుగా కనబడుతుంది. ఇది అర్థవంతమైన రూపకమే. దారి తెలియని యువకుడికి మెట్లున్నాయన్న నమ్మకమే సగం బలం. ఐదు మెట్ల తర్వాత ఆరో మెట్టు అవసరం కావడం కూడా ఆసక్తికరమైన విషయం. నిచ్చెన ఎక్కడా పూర్తికాదని ఆ శీర్షికే పరోక్షంగా అంగీకరిస్తోంది.

ఈ రూపకానికి ఉన్న పరిమితి వయసుతో బయటపడుతుంది. మెట్లెక్కినవాడు దిగడమంటే ఓటమి. శిఖరం చేరినవాడికి తర్వాతి పని లేదు. కొత్త ఇంజిన్ ముందు మళ్లీ హెల్పరుగా నిలబడ్డ మేస్త్రి ఈ భాషలో పతనమైనట్టే లెక్క. నిజానికి అతడు చేస్తున్నది అత్యంత కష్టమైన వికాసం. తనకు పేరు తెచ్చిన నేర్పును పక్కన పెట్టి, తనకంటే చిన్నవాడి దగ్గర కొత్త నేర్పు నేర్చుకుంటున్నాడు. ఈ స్థితిని గౌరవంగా చెప్పే మాట మెట్ల పరిభాషలో లేదు.

ఆటోనగర్ నుంచే మరో రూపకాన్ని స్వీకరించవచ్చు. అది మరమ్మతు. మరమ్మతులో మొదటి పని లోపాన్ని గుర్తించడం. తర్వాత ఏది ఉంచాలి, ఏది మార్చాలి అని తేల్చడం. బాగైన బండి మళ్లీ అరుగుతుంది, మళ్లీ షెడ్డుకు వస్తుంది. అందుకు ఎవరూ సిగ్గుపడరు. వ్యక్తిత్వాన్ని ఇలా భావిస్తే వైఫల్యం జీవితప్రయాణంలో సహజమైన అరుగుదలగా అర్థమవుతుంది, పునరారంభం అవమానం కాకుండా పోతుంది. ఈ రూపకానికీ హద్దు ఉంది. మనిషి యంత్రం కాడు, అతని అలసటకు విడిభాగాలు దొరకవు. అయినా నలభై దాటిన పాఠకుడికి శిఖరం కంటే ఇది సన్నిహితంగా ఉంటుంది.

6. పునఃపఠన యోగ్యత - శతక సంప్రదాయం:

నీతిశతకం బాలుడి నోటికి ముందు వస్తుంది, అర్థం తర్వాత వస్తుంది. పద్యం దేనికది స్వతంత్రం. ఛందస్సు జ్ఞాపకాన్ని నిలుపుతుంది, జీవితానుభవం దానికి వ్యాఖ్యానం రాస్తుంది. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితాల్లో మనుషులను మూడు తరగతులుగా విభజించిన పద్యం ప్రసిద్ధం. ఆటంకాలకు జంకి పని మొదలుపెట్టనివారు, మొదలుపెట్టి మధ్యలో విడిచేవారు, ఎన్ని ఆటంకాలు వచ్చినా విడవనివారు అన్నది ఆ విభజన. విద్యార్థి దీన్ని పరీక్షలకు అన్వయించుకుంటాడు. నడివయసులో పాత వృత్తిని పట్టుకొని ఉండాలా, వదలాలా అని తేల్చుకోలేని మనిషి ఇదే పద్యం ముందు వేరే ప్రశ్నతో నిలబడతాడు. పట్టుదలకు, మొండితనానికి తేడా ఎక్కడన్నది ఆ ప్రశ్న. పద్యం దానికి సమాధానం చెప్పదు, ఆలోచనకు చోటిస్తుంది.

ఆధునిక ప్రేరణ గ్రంథం దీనికి భిన్నంగా ప్రశ్నను, జవాబును, ఉదాహరణను, అభ్యాసాన్ని ఒకేచోట అమర్చి ఇస్తుంది. తక్షణ స్పష్టత దాని గుణం. పాఠకుడి భవిష్యదనుభవానికి ఖాళీ మిగల్చకపోవడం దాని లోపం. ఒక్కసారి చదివి ఉత్తేజం పొంది, ఆ ఉత్తేజం తగ్గాక అటువంటి మరో పుస్తకం కొనే అలవాటుకు ఈ నిర్మాణమే కొంత కారణమని భావించవచ్చు.

7. సహకారాన్ని మరిచే కథనం:

ప్రేరణ గ్రంథాల్లో మహనీయుల జీవితఘట్టాలు ప్రధాన సామగ్రి. పేదరికం, పట్టుదల, విజయం అన్న మూడు వాక్యాల్లో ఒక జీవితం ఇమిడిపోతుంది. ఈ సంక్షేపంలో ముందుగా పోయేది ఇతరుల సహాయం. విజయవాడ బ్యారేజీకి ఎవరి పేరు పెట్టారో ఆ టంగుటూరి ప్రకాశం జీవితాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. బీదకుటుంబంలో పుట్టి, బారిస్టరై, 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయిన ఆయన కథ ప్రేరణ గ్రంథానికి సిద్ధవస్తువు. ఆయన ఆత్మకథ "నా జీవితయాత్ర" చదివితే చిత్రం విస్తరిస్తుంది. ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లలను పెంచిన తల్లి సుబ్బమ్మ, చదువుకు అండగా నిలిచిన ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఆ యాత్రలో ముఖ్యులు. వారిని తీసేస్తే మిగిలేది సగం సత్యమే.

ఈ మరుపు పాఠకుడి మీద భారం మోపుతుంది. విజయం పూర్తిగా స్వయంకృతమైతే వైఫల్యం కూడా పూర్తిగా స్వయంకృతమే అవుతుంది. అప్పు, జబ్బు, కులం, సాంకేతిక మార్పు వంటి కారణాలు కనబడకుండా పోయి, లోపమంతా సంకల్పబలంలోనే ఉన్నట్టు తోస్తుంది. బార్బరా ఎహ్రెన్‌రైక్ 2009లో అమెరికా సానుకూల చింతన ధోరణిపై రాసిన విమర్శ గ్రంథంలో ఇదే విషయాన్ని ఎత్తిచూపింది. నీతిచంద్రికలోని మిత్రలాభం ఇందుకు తెలుగు ప్రత్యామ్నాయం. వలలో పడ్డ పావురాలు కలిసి ఎగురుతాయి. వల కొరకడానికి ఎలుక సిద్ధపడినప్పుడు రాజు చిత్రగ్రీవుడు తన బంధం కంటే ముందు తన పరివారపు బంధాలు తెంచమంటాడు. స్నేహం వల్ల లాభముందని శీర్షిక దాచకుండా చెబుతుంది. ఆ లాభం పంచుకొనేదని కథ చూపుతుంది.

8. ప్రేరణ నుంచి అభ్యాసానికి:

ఉత్సాహం ఆచరణగా మారుతుందా అన్న అంశాన్ని మనస్తత్వశాస్త్రం పరీక్షించింది. గాబ్రియెలె ఓటింగెన్, డోరిస్ మేయర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఉద్యోగం దొరికినట్టు మధురంగా ఊహించుకొన్నవారు తక్కువ దరఖాస్తులు పెట్టారని, వారికి తక్కువ అవకాశాలు వచ్చాయని తేలింది. దీనికి భిన్నంగా, సాధించగలనన్న అంచనా బలంగా ఉన్నవారు మెరుగైన ఫలితాలు పొందారు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో ముందే నిర్ణయించుకోవడం ఆచరణకు తోడ్పడుతుందని పీటర్ గొల్విట్జర్ నిరూపించాడు. కలను వర్ణించే అధ్యాయం కంటే, ఆటంకాన్ని గుర్తించి రేపటి పనిని నిర్దేశించే అధ్యాయం విలువైనదని వీటినిబట్టి చెప్పవచ్చు.

ఈ దృష్టితో చూస్తే ప్రేరణ గ్రంథాలన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. కాలవినియోగం, ఏకాగ్రత, సభాకంపం, సంభాషణ వంటి అంశాలను తెలుగులో సులభంగా వివరించిన గ్రంథాలు ఇంటిలో మొదటిసారి కళాశాల చదువుకు వెళ్లిన తరానికి నిజమైన సహాయం చేశాయి. ఇంట్లో చెప్పేవారు లేని సంగతులను అవి చెప్పాయి. భయాన్ని, న్యూనతను బయటికి చెప్పుకోదగిన విషయాలుగా చేశాయి. ఆత్మీయుడైన పెద్దవాడి స్థానంలో పుస్తకం నిలబడింది. ఈ ప్రజాస్వామిక ప్రయోజనాన్ని గుర్తించని విమర్శ అసంపూర్ణం.

అయితే ఆ పెద్దవాడు పాఠకుడితో పాటు వయసు పెంచుకోలేదు. ఇరవై ఏళ్లవాడికి గెలవడమెలాగో చెప్పిన ఈ రచనా సంప్రదాయం, నలభై ఐదేళ్లవాడికి మళ్లీ నేర్చుకోవడమెలాగో, అరవై ఏళ్లవాడికి తన నేర్పును అప్పగించడమెలాగో చెప్పడానికి తగినంత శ్రద్ధ పెట్టలేదు. నేడు ఆ పాత పాఠకులే నడివయసుకు చేరారు.

9. ముగింపు:

వ్యక్తిత్వ వికాస గ్రంథాల విలువను అమ్ముడైన ప్రతులతోనో, కలిగించిన ఉత్తేజంతోనో నిర్ణయించడం చాలదు. పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• స్వయంసహాయ గ్రంథం కార్మికుల పరస్పర అభ్యాసం నుంచి పుట్టింది. వ్యక్తిగత పోటీ తర్వాతి పరిణామం.

• తెలుగులో నీతిశతకం, నీతికథ, ఆత్మకథ, గ్రంథాలయోద్యమం వ్యక్తి వికాసాన్ని సమాజంతో ముడిపెట్టాయి. 1990ల తర్వాతి రచనలో ఆ ముడి సడలింది.

• మెట్టు, శిఖరం అన్న రూపకాలు యౌవనానికి ధైర్యమిస్తాయి. పునరారంభాన్ని గౌరవించే మరమ్మతు వంటి రూపకాలు నడివయసుకు అవసరం.

• పునఃపఠన యోగ్యత, సహకార స్మృతి, ఆచరణ నిర్దేశం అన్న మూడు ప్రమాణాలతో ఈ గ్రంథాలను వేరువేరుగా మూల్యాంకనం చేయవచ్చు.

కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు వెళ్లిన కాలంలో గ్రంథం పాఠకుడి పనిచోటును వెతుక్కుంది. ఆటోనగర్ షెడ్డులో స్కానర్ పట్టుకోవడం నేర్చుకుంటున్న మేస్త్రి అనుభవం ఇంకా తెలుగు వ్యక్తిత్వ వికాస గ్రంథంలోకి రావలసి ఉంది. అతణ్ణి ప్రేరేపించడానికి రాసే పుస్తకం కంటే, అతడు ఎలా నేర్చుకుంటున్నాడో చూసి రాసే పుస్తకం ఈ ప్రక్రియకు ఎక్కువ మేలు చేస్తుంది.